జీతం అన్న మాట వెనకాల

మన చట్టాల్లో తెలుగు మాటలు కనబడటం చాలా అరుదు. ఇంగ్లీషు, లాటిన్, అక్కడక్కడా కాస్త పార్సీ... అంతే. కానీ ఒక చట్టంలో మాత్రం మనకి బాగా తెలిసిన మాటలు నాలుగు కనబడతాయి. అది 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం. దాని రెండో సెక్షన్లో, ఈ పద్ధతి దేశంలో ఏ మూల ఏ పేరుతో నడిచినా ఈ చట్టం కిందికే వస్తుందని చెబుతూ దాదాపు ముప్ఫై పేర్లు రాశారు. అందులో భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది. అక్షరక్రమం కాబట్టి చిట్టచివర వెట్టి ఉంది.

వెట్టి ఉంటుందని అందరం ఊహిస్తాం. నన్ను ఆపేసింది మాత్రం జీత. కన్నడ దేశంలోనూ ఇదే మాట, మన దగ్గరా ఇదే మాట. ఒకటో తారీఖున ఫోను చూసుకుని "జీతం పడిందిరా" అనుకునే మనకి ఇది ఉద్యోగం మాట. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళనడిగి చూడండి. "జీతం ఉండుడు" అంటే పటేలు దగ్గరో, దొర దగ్గరో ఏడాదికింత అని కుదురుకుని పొద్దూ మాపూ వాళ్ళింట్లో పడి ఉండటం. "జీతగాడు" అంటే ఉద్యోగస్తుడు కాదు. మా తాత తరంలో ఎవరైనా "చిన్నప్పుడు జీతం ఉన్న" అన్నారంటే, బడికి పోలేదని అర్థం. ఎక్కువసార్లు ఆ జీతానికి ముందు ఒక అప్పు ఉండేది. పెళ్ళికో, చావుకో, కరువుకో తెచ్చిన అప్పు. అది తీరేదాకా పని. తండ్రి హయాంలో తీరకపోతే కొడుకు పని.

ఇంతకీ సాఫ్టువేరు వాడికి ఈ పాత గొడవంతా ఎందుకు? చెప్తాను.

మాది హనుమకొండలో నలభై మంది కూడా లేని చిన్న కంపెనీ. టెస్టింగు, సపోర్టు పనులు చేస్తాం. బ్రిటన్లో ఒక క్లయింటు ఉన్నాడు. వాళ్ళ దగ్గర్నుంచి ఏటా ఒక ప్రశ్నావళి వస్తుంది. సెక్యూరిటీ, బ్యాకప్పులు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు వగైరాల మధ్యలో ఒక పేజీ: మీ సంస్థలోనూ, మీకు సరుకులూ సేవలూ అందించే వాళ్ళ దగ్గరా ఆధునిక బానిసత్వం లేకుండా ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారు? బ్రిటన్లో 2015లో ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌన్ల టర్నోవరు దాటిన కంపెనీలు దీని మీద ప్రతి ఏడూ ప్రకటన ఇవ్వాలి. ఆస్ట్రేలియాలో 2018లో ఇలాంటిదే వచ్చింది, అక్కడ హద్దు 10 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. ఆ హద్దులు మనలాంటి వాళ్ళకి చాలా దూరం. కానీ పెద్ద కంపెనీ తన సప్లయర్లను అడుగుతుంది, ఆ సప్లయరు తన కింద వాళ్ళను అడుగుతాడు, చివరికి ఆ కాగితం హనుమకొండ దాకా వస్తుంది.

చాలా చిన్న కంపెనీల్లో ఆ పేజీకి జవాబు ఒకటే: "మాకు వర్తించదు". గూగుల్లో దొరికిన ఒక పాలసీని పేరు మార్చి జత చేస్తారు. అయిపోయింది! మేం ఏసీ గదుల్లో కూచుని టెస్టు కేసులు రాసుకునే వాళ్ళం, బానిసలెవరండీ అని నవ్వుకుంటారు కూడా.

వరంగల్లో కూచుని ఆ మాట అనడం నాకు తమాషాగా అనిపిస్తుంది. మన ఊరికి ఈ విషయంలో ఉన్నంత అనుభవం లండన్లో ఆ ఫారం తయారుచేసిన వాళ్ళకి ఉండదు. వాళ్ళు "సప్లై చైన్" అంటున్నదాన్ని మన తాతలు వెట్టి అన్నారు.

వెట్టి అనేది ఒక గొలుసు

వెట్టి పాత మాట. సంస్కృతంలో విష్టి, అర్థశాస్త్రంలో ఉంది. చోళుల శాసనాల్లోనూ వెట్టి అనే మాటే కనిపిస్తుంది. నిజాం రాజ్యం కనిపెట్టింది కాదు. కానీ నిజాం కాలపు తెలంగాణాలో అది పూర్తి స్థాయి వ్యవస్థగా నడిచింది.

వెట్టి అనగానే మనకి సినిమాల్లో చూసిన బొమ్మ గుర్తొస్తుంది: కొరడా పట్టుకున్న దొర, కాళ్ళ దగ్గర "బాంచెన్ దొరా" అంటున్న కూలి. అది నిజమే గానీ సగం నిజం. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా సాయుధ పోరాటం మీద 1972లో తెచ్చిన పుస్తకంలో వెట్టి ఎలా నడిచేదో కులాలవారీగా, వృత్తులవారీగా రాశారు. అది చదివితే ఒక ఊరి సేవారంగం మొత్తం కళ్ళ ముందు కనిపిస్తుంది. చాకలి బట్టలుతకాలి, దొర ఇంట్లో అంట్లు తోమాలి. మంగలి క్షవరం చెయ్యాలి, రాత్రి కాళ్ళు పిసకాలి. కుమ్మరి కుండలివ్వాలి. వడ్రంగి, కమ్మరి నాగళ్ళు చేసివ్వాలి. మాదిగలు చెప్పులు కుట్టాలి, మోటబావికి తోలు తాళ్ళు ఇవ్వాలి. మాల మాదిగల ఇళ్ళ నుంచి రోజూ మనిషి రావాలి, కాగితాలు పట్టుకుని ఊళ్ళు తిరగాలి, చావడి కాయాలి. బెస్తలు పల్లకీ మొయ్యాలి. గొల్లలు మందకింత అని గొర్రెనివ్వాలి. గౌండ్లవాళ్ళు కొన్ని చెట్ల కల్లు వదిలెయ్యాలి. సాలెవాళ్ళు దొర ఇంటి పనివాళ్ళకి బట్ట నెయ్యాలి. రైతు తన పొలం దున్నుకోకముందు దొర పొలం దున్నాలి. దొర కూతురి పెళ్ళయితే ఆమెతోపాటు ఆడబాపలుగా ఆడపిల్లలు అత్తారింటికి వెళ్ళాలి. ఈ చివరిది మాత్రం ఏ రకంగా చూసినా బానిసత్వమే.

ఇంకొకటుంది. అధికారులు ఊళ్ళో మకాం వేస్తే ఊరి కోమటి కొట్టునుంచి సరుకులు పంపాలి. డబ్బిస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు.

నా ఉద్దేశంలో ఈ కోమటి కొట్టు దగ్గరే ఈ చరిత్రలో మనకి పనికొచ్చే విషయం ఉంది. ఇందాకటి జాబితా మళ్ళీ చూడండి. బట్టలుతికేవాడు, క్షవరం చేసేవాడు, కుండలు చేసేవాడు, కొట్టు నడిపేవాడు... ఈనాటి భాషలో చెప్పాలంటే అందరూ చిన్న సర్వీసు బిజినెస్‌లే. వెట్టి అంటే పొలంలో కట్టేసిన కూలి ఒక్కడే కాదు, పైవాడు బిల్లు కట్టకుండా సేవలు తీసుకునే పద్ధతి. తాసీల్దారు తీసుకుంటే గిర్దావరు తీసుకుంటాడు, గిర్దావరు తీసుకుంటే పట్వారీ తీసుకుంటాడు. అందరికన్నా కింద ఉన్నవాడికి తీసుకోవడానికి ఎవరూ ఉండరు. వాడి శరీరం, వాడి పిల్లలు మిగులుతారు.

1921 నవంబరులో హైదరాబాదులో ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు దానికి ప్రాణం. 1923లో కేంద్ర సంఘం సమావేశం జరిగింది మన హనుమకొండలోనే. గ్రంథాలయాలు పెట్టడం, శాసనాలు సేకరించడం లాంటి నెమ్మదైన పనులతోపాటు ఈ సంఘం వర్తకుల బాధలమీదా, వెట్టిమీదా కరపత్రాలు వేసింది. వర్తకుల దగ్గర ఉచితంగా సరుకులు గుంజడం తప్పనీ, వెట్టి చేయించుకోవడానికి వీల్లేదనీ సర్కారు ఉత్తర్వులే చెబుతున్నాయని జనానికి తెలియజెప్పింది. అంటే ఆ రోజుల్లోనూ వెట్టి కాగితం మీద నిషిద్ధమే! ఫర్మానాలున్నాయి. చదివి చెప్పేవాడు లేడు. చెప్పినా, ఫిర్యాదు ఎవరి దగ్గర చెయ్యాలి? వెట్టి చేయించుకునే అధికారి దగ్గరే.

భగేలా కథా అంతే. అప్పు కింద మనిషి తనని తాను కుదువపెట్టుకోవడమే భగేలా. దాన్ని కట్టడి చేస్తూ 1936లో నిజాం సర్కారు నిబంధనలు తెచ్చింది. ఆ తరవాత 1940ల్లో ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అప్పటి వరంగల్ జిల్లాలోని పాల్వంచ వైపు కొండరెడ్ల మధ్య తిరిగి రాసినవాటిలో, కలప, వెదురు కాంట్రాక్టర్లు వాళ్ళని అప్పుల్లో ముంచి పని చేయించుకోవడం గురించి ఉంది. గమనించారా, ఇక్కడ దొర లేడు. కాంట్రాక్టరు వచ్చాడు. పద్ధతి మారలేదు.

తరవాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1944 భువనగిరి మహాసభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాడు, ఆంధ్ర మహాసభ ఊళ్ళలోకి "సంఘం" అయి వెళ్ళింది. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో (తరవాత వరంగల్ జిల్లాలో కలిసింది, 2016 నుంచి వేరే జిల్లా) పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం పంటని విసునూరు దేశ్‌ముఖ్ ఎత్తుకుపోవాలని చూస్తే, సంఘం అండతో ఆమె పంట ఇంటికి చేర్చుకుంది. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ఆ పోరాటం మొదటి కోరికల్లో వెట్టి రద్దు ఒకటి. ఐలమ్మ ఎవరు? బట్టలుతికే కులంలో పుట్టి, వెట్టి బట్టలు ఉతకాల్సిన మనిషి. ఇంతకుముందు చెప్పిన గొలుసులో ఒక చివరి లింకు. ఆ లింకు తెగింది.

చట్టం వచ్చింది, తరవాత?

రాజ్యాంగం 23వ అధికరణం 1950 నుంచే మనుషుల వ్యాపారాన్నీ, బేగారునీ, అలాంటి ఇతర నిర్బంధ చాకిరీనీ నిషేధించింది. ఇరవై అయిదేళ్ళ తరవాత, ఎమర్జెన్సీలో, ఇరవై సూత్రాల కార్యక్రమంలో భాగంగా 1975 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది. 1976 ఫిబ్రవరిలో అదే చట్టమయింది. ఈ చట్టంలో బాగున్నదేమిటంటే, అది కొరడా గురించి మాట్లాడదు. ఒక లావాదేవీ గురించి మాట్లాడుతుంది. మనిషి అడ్వాన్సు తీసుకున్నాడు. దానికి బదులుగా ఈ నాలుగింటిలో ఏదైనా పోగొట్టుకున్నాడు: సరైన కూలి, వేరే పని చూసుకునే స్వేచ్ఛ, తిరిగే స్వేచ్ఛ, తన శ్రమనో సరుకునో బజారు ధరకి అమ్ముకునే హక్కు. అంతే, అది వెట్టి. ఆ అప్పు చట్టప్రకారం చెల్లు, తీర్చనక్కర్లేదు. చేయించుకున్నవాడికి మూడేళ్ళ దాకా జైలు.

చట్టం వచ్చిందని వెట్టి పోయిందా? 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ రోజు నడిచిన జనం కోరికల్లోనూ వెట్టి వద్దనేది ఉంది. చట్టం వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది. దాన్ని నిజంగా అమలు చేయాలని చూసిన అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ పేరు మన రాష్ట్రంలో ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. అలాంటి ఐఏఎస్‌లు ఎందరున్నారనేది వేరే ప్రశ్న.

సరే, ఇప్పుడు మనలాంటి ఆఫీసులకి నేరుగా తగిలే తీర్పు దగ్గరకొద్దాం. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు. స్టేడియాలూ ఫ్లైఓవర్లూ కట్టడానికి దేశం నలుమూలల నుంచీ కూలీలను తెచ్చారు. అప్పుడు కనీస కూలి రోజుకి 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ డబ్బుని జమేదార్ల చేతికిచ్చేవారు. జమేదారు తన కమీషను కింద ఒక రూపాయి పట్టుకుని 8 రూపాయల 25 పైసలు కూలీకిచ్చేవాడు. ఒక్క రూపాయి! దానిమీద పియుడిఆర్ అనే హక్కుల సంస్థ సుప్రీంకోర్టుకెళ్ళింది. 1982 సెప్టెంబరు 18న జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. కనీస వేతనం కన్నా తక్కువకి ఎవరైనా పని చేస్తున్నారంటే, వాళ్ళు ఇష్టంతో చేస్తున్నారని అనుకోవడానికి లేదు, ఆకలీ పేదరికమూ కూడా నిర్బంధమే, కాబట్టి అది 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయే అన్నారు. ఇంకో ముక్క కూడా ఉంది. పని కాంట్రాక్టరుకి ఇచ్చేశాం, మాకేం సంబంధం అని పని చేయించుకునే సంస్థ చేతులు దులుపుకోవడానికి వీల్లేదన్నారు. తరవాతి ఏడాది బంధువా ముక్తి మోర్చా కేసులో (ఫరీదాబాదు రాతి క్వారీలు) ఇంకో మెట్టు ఎక్కారు: నిర్బంధంగా పని చేయిస్తున్నారని తేలితే దాని వెనక అడ్వాన్సు ఉందనే కోర్టు అనుకుంటుంది, లేదని నిరూపించుకోవాల్సింది యజమానే.

ఈ తీర్పు తెలిసిన తరవాత "మాకు వర్తించదు" అని రాయడం కష్టం.

ఎందుకంటే లెక్క చూడండి. మనం ఇంజనీర్లం కదా, లెక్కల్లోనే మాట్లాడుకుందాం. హౌస్ కీపింగుకో, సెక్యూరిటీకో ఏజెన్సీని పిలిచాం. కనీస వేతనం వంద రూపాయలనుకుందాం. పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం, ఈఎస్ఐలో యజమాని వాటా 3.25 శాతం, బోనసు కనీసం 8.33 శాతం. ఇవన్నీ వర్తించే చోట వందకి 123 రూపాయల 58 పైసలు ఖర్చు. ఇందులో ఏజెన్సీ లాభం లేదు, యూనిఫారం లేదు, సెలవు రోజున వచ్చే బదులు మనిషి లేడు, జీఎస్టీ లేదు. ఇప్పుడు ఒకడొచ్చి మొత్తం కలిపి నూటపదికి చేస్తానన్నాడు. తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏజెన్సీ వాడు దానధర్మం చెయ్యడు. ఆ తేడా చీపురు పట్టుకున్న మనిషి జేబులోంచి వస్తుంది. అంటే తీర్పు ప్రకారం ఆ కొటేషన్ కాగితంలోనే నిర్బంధ చాకిరీ రాసి ఉంది. మనం సంతకం పెట్టడమే తరువాయి.

గత ఏడాది మేం హౌస్ కీపింగుకి కొటేషన్లు పిలిస్తే మూడొచ్చాయి. అందులో ఒకటి ఈ లెక్కకి ఎక్కడా అందలేదు. మా పార్ట్‌నర్ (మంచివాడే, ఖర్చు దగ్గర గట్టివాడు) "నెలకి తొమ్మిది వేలు మిగుల్తాయి, ఎవరికి చేదు?" అన్నాడు. కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాను. కాసేపు చూసి "మరి వీడు బతికేదెట్లరా?" అన్నాడు. "వాడు బతుకుతడు. కింద ఊడ్చే ఆమె బతకది" అన్నాను. ఆ కొటేషన్ పక్కన పెట్టేశాం. తొమ్మిది వేలు మాకు చిన్న మొత్తం కాదు, రెండు నెలలు టీ బిస్కెట్ల ఖర్చు దగ్గర కూడా సతాయించాడు!

లెక్క తరవాత మనుషుల్ని అడిగి చూశాం. అడగడం అంటే ఏజెన్సీ సూపర్‌వైజరు పక్కన నిలబడి ఉండగా కాదు. ఒక్కొక్కళ్ళతో, టీ తాగుతూ. రాత్రి కాపలా ఉండే కుర్రాడు చెప్పాడు, "సార్, నా టెన్తు మెమో ఏజెన్సీ ఆఫీసుల పెట్టుకున్నరు. ఆర్నెల్లు చేస్తె ఇస్తమన్నరు." వాడి గొంతులో ఫిర్యాదు కూడా లేదు. అందరికీ అంతే కదా అన్నట్టు చెప్పాడు. ఏజెన్సీకి మేం ఉత్తరం రాశాం, మెమో వెనక్కిచ్చేదాకా బిల్లు ఆపుతాం, కానీ కుర్రాడి జీతం ఆగడానికి వీల్లేదని. పదిహేను రోజులకి మెమో వచ్చింది.

ఆ "జీతం ఆగడానికి వీల్లేదు" అనే వాక్యం ముఖ్యం. ఏజెన్సీని శిక్షించబోయి మనిషిని శిక్షించడం ఈ పనిలో మామూలుగా జరిగే ప్రమాదం. బిల్లు ఆపితే ఏజెన్సీ ముందు ఆపేది కింద వాళ్ళ జీతమే. కాంట్రాక్టు మొత్తం రద్దు చేస్తే కుర్రాడికి మెమో దొరుకుతుందేమో గానీ ఉద్యోగం పోతుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలనే సూత్రం 1970 నాటి కాంట్రాక్టు లేబరు చట్టంలో ఉంది. ఆ చట్టమూ, కనీస వేతనాల చట్టమూ, వలస కార్మికుల చట్టమూ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో కలిసిపోయాయి. ఆ సూత్రం మాత్రం కొత్త కోడ్‌లోనూ ఉంది. 1976 నాటి వెట్టి చట్టం ఎందులోనూ కలవలేదు, విడిగానే ఉంది.

మన సంగతి

ఇక్కడిదాకా చదివిన వాళ్ళలో కొందరు "మరి మా బాండు సంగతో?" అనుకుంటూ ఉంటారు. నిజమే, మన రంగంలోనూ బాండ్లున్నాయి. రెండేళ్ళు చెయ్యకపోతే రెండు లక్షలు కట్టాలి వగైరా. దీన్ని వెట్టి అనేయడం నాకిష్టం లేదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. అక్కడ ఉద్యోగి మంచి జీతం మీద ఉన్నాడు, డబ్బు కట్టి బయటికి వెళ్ళగలిగాడు. తలుపుకి ఖరీదు ఉంది, కానీ తలుపు ఉంది. వెట్టిలో తలుపు ఉండదు. మన బాధలన్నిటికీ బానిసత్వం పేరు పెట్టుకుంటే నిజంగా తలుపు లేనివాళ్ళకి మాట మిగలదు.

కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు లాక్కుని బీరువాలో పెట్టుకోవడం, కన్సల్టెన్సీకి ముందే డిపాజిట్టు కట్టించుకుని జీతం ఇవ్వకుండా బెంచి మీద కూచోబెట్టడం... ఇవి ఆ తలుపుని మూసే పనులే. షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు హైదరాబాదు నుంచి సిడ్నీ దాకా మన తెలుగు బాడీషాపుల వెంట తిరిగి 2007లో ఒక పుస్తకమే వేశాడు. కుర్రాడి వీసా ఖర్చుకీ, ఇంట్లో వాళ్ళు చూసే కట్నానికీ ఉన్న సంబంధం దాకా వెళ్ళాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2012లో నిర్బంధ చాకిరీకి 11 గుర్తులు చెప్పింది. అందులో గుర్తింపు కాగితాలు లాక్కోవడం ఒకటి, జీతం ఆపడం ఒకటి, అప్పుతో కట్టిపడేయడం ఒకటి, మోసం చేసి పనిలోకి దించడం ఒకటి. ఒక్క గుర్తు కనబడగానే బానిసత్వం అని కాదు, ఆగి అడగమని అర్థం. మా కాపలా కుర్రాడి మెమో అలాంటి గుర్తు.

ఇక తలుపు పూర్తిగా మూసేసినవి మన రంగం పక్కనే జరుగుతున్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి కంబోడియాకి, మయన్మారుకి, లావోస్‌కి తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, సైబర్ మోసాలు చేయించడం. 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియాకి మనుషుల్ని పంపుతున్న ఏజెంట్లను పట్టుకున్నారు. వెళ్ళిన వాళ్ళలో టైపింగూ, ఎక్సెల్లూ వచ్చిన మన కుర్రాళ్ళే చాలామంది. బయటికి పోవాలంటే ఇంత కట్టాలి అని అక్కడ ఒక లెక్క చెబుతారు. టిక్కెట్టు ఖర్చు, తిండి ఖర్చు, జరిమానాలు. భగేలా పద్దు పుస్తకానికీ దీనికీ తేడా ఏమిటో మీరే చెప్పండి. ఆ కార్మిక సంస్థే వేసిన అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది నిర్బంధ చాకిరీలో ఉన్నారు.

మన ఆఫీసు గోడల్లోని ఇటుకలూ ఈ గొలుసులోవే. తెలంగాణా ఇటుక బట్టీలకి పశ్చిమ ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా వైపు నుంచి, కుటుంబాలు సర్దార్ దగ్గర అడ్వాన్సు తీసుకుని వస్తాయి. ఆ అడ్వాన్సు ఇటుకల లెక్కలో తీరేదాకా ఉండాలి. కొత్త ఆఫీసుకి ఇంటీరియర్ చేయించేటప్పుడు ఇదంతా ఆపడం మనవల్ల కాదు. అడగడం మాత్రం అవుతుంది.

చిన్న కంపెనీ ఏం చెయ్యగలదు? మేం చేస్తున్నవి చెప్తాను, పెద్ద గొప్పవేం కావు. కొటేషన్ వచ్చినప్పుడు పై లెక్క వేస్తాం, అందనిదాన్ని తీసుకోం. ఏజెన్సీ బిల్లుతో పాటు ఆ నెల పీఎఫ్ ఈసీఆర్, ఈఎస్ఐ కాగితాలు అడుగుతాం, మా దగ్గర పనిచేసే వాళ్ళ పేర్లు అందులో ఉన్నాయో లేదో చూస్తాం. జీతం మనిషి సొంత బ్యాంకు ఖాతాలో పడాలి, ఏటీఎం కార్డు ఆ మనిషి దగ్గరే ఉండాలి (ఇది అడగండి, ఆశ్చర్యపోతారు). ఒరిజినల్ కాగితాలు ఎవరూ ఉంచుకోకూడదని కాంట్రాక్టులో ఒక లైను. మూడు నెలలకోసారి టీ తాగుతూ మాట్లాడటం, అడ్వాన్సు ఏమన్నా తీసుకున్నావా, రేపు మానేస్తానంటే ఏమంటారు అని. ఈ చివరి ప్రశ్న ఒక్కటి చాలు. జవాబు చెప్పేముందు మనిషి ఎటు చూస్తాడో చూడండి.

ఇంకా, మన బిల్లులు మనం టైముకి కట్టాలి. పెద్ద క్లయింటు మనకి తొంభై రోజులకి డబ్బిస్తే, మనం ఏజెన్సీకి వంద రోజులకిస్తాం, వాడు ఊడ్చే ఆమెకి ఎప్పుడిస్తాడు? కోమటి కొట్టులో సరుకు తీసుకుని డబ్బివ్వని గిర్దావరు పని ఇదే, కాస్త మర్యాదగా. ఈ ఏడాది ప్రశ్నావళి నింపినప్పుడు దాని కింద క్లయింటుకి ఒక ప్రశ్న నేనే రాశాను: మీరు అడిగినవన్నీ చేస్తున్నాం, మరి మీ పేమెంటు గడువు తగ్గిస్తారా అని. తొంభైని అరవై చేశారు. నలభై అయిదు అడగాల్సిందని మా పార్ట్‌నర్ ఇప్పటికీ గొణుగుతున్నాడు.

మీ ఆఫీసులో చెత్తబుట్టలు ఖాళీ చేసే మనిషి పేరు మీకు తెలుసా? పేరు తెలిస్తే, ఆ ఏజెన్సీ కొటేషన్ కాపీ ఒకటి మీ అడ్మిన్ వాళ్ళనడిగి తీసుకోండి. లెక్కకి అయిదు నిమిషాలు కూడా పట్టదు.